గోడౌను గోడ మీద జర్మనీ పూత

పేకాట మానేసిన ఏడాది నా చేతులకి ఏం చెయ్యాలో తోచేది కాదు. డాక్టరు మానమన్నది సిగరెట్లే. కానీ క్లబ్బులో ముక్కలు పట్టుకుని కూర్చుని సిగరెట్టు వెలిగించకుండా ఉండడం నా వల్ల కాదని తెలిసి, రెండూ ఒకేసారి వదిలేశాను. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. తిరువూరు మెయిన్ రోడ్డు మీద మా నాన్నగారు పెట్టిన ఇనప సామాను, సిమెంటు, రంగుల కొట్టు నాది. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా బేరాలుండవు. ఆటోవాళ్ళు కూడా వెనక సీట్లో కాళ్ళు బయటికి చాపుకుని నిద్రపోయే వేళ అది. అంతకు ముందు ఆ రెండున్నర గంటలూ క్లబ్బువి. ఇప్పుడవి నా మీద పడ్డాయి.

విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక బొమ్మల షాపు అద్దం వెనక ప్లాస్టిక్ విమానం ఒకటి చూశాను. ముక్కలు ముక్కలుగా వస్తుందట, మనమే అతికించుకుని రంగులు వేసుకోవాలట. లోపలికి వెళ్ళి అడగడానికి మొహమాటపడి, రోజూ దాని ముందు నుంచే నడిచి కాలేజీకి వెళ్ళేవాణ్ణి. ముప్పై ఏళ్ళ తరవాత ఫోనులో ఏవో స్క్రూడ్రైవర్లు వెతుకుతుంటే అలాంటి పెట్టెలే వరసగా కనిపించాయి. విమానం కాకుండా ట్యాంకు ఎందుకు తెప్పించానో చెప్పలేను. ఇనుము అమ్ముకునేవాణ్ణి కాబట్టేమో. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ ట్యాంకు, అసలుదానిలో ముప్పై అయిదో వంతు.

పార్సిలు చూసి మా ఆవిడ, "ఎవరి పిల్లలకండీ?" అంది.

"నాకే" అన్నాను.

ఒక నిమిషం నా మొహంలోకి చూసి, "సిగరెట్ల కంటే నయమేలెండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

కొట్టు వెనక గదిలో బల్ల వేసుకున్నాను. పదిహేను రోజుల్లో చక్రాలు, గొలుసులు, ఫిరంగి అన్నీ కూర్చాను. అప్పుడు కనిపించింది తేడా. పెట్టె మీది బొమ్మలో ట్యాంకు ఒళ్ళంతా గరుగ్గా, దగ్గర దగ్గరగా గీతలు గీతలుగా ఉంది. నా ట్యాంకు మాత్రం మరచెంబులా నున్నగా ఉంది. ఏదో ముక్క తక్కువ వచ్చిందనుకుని పెట్టె తిరగేసి దులిపి చూశాను. ఇలాంటి బొమ్మలు చేసేవాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉంటే అందులో అడిగాను. ముక్కేమీ తగ్గలేదు, ఆ గీతలు మీరే చేసుకోవాలి అన్నారు.

దాన్ని జిమ్మెరిట్ అంటారు. శత్రు సైనికుడు పరిగెత్తుకొచ్చి, అయస్కాంతం ఉన్న మందుపాతరని ట్యాంకు ఒంటికి అంటించి పారిపోతే, అది పేలి ఉక్కుకి చిల్లు పెడుతుంది. అలా అంటుకోకుండా ఫ్యాక్టరీలోనే ట్యాంకుకి ఒక పూత పూసేవారు. రంపపు పొట్టు, జిగురు, ఏవో ఖనిజాల పొడులు కలిపిన ముద్ద అది. పూశాక దాని మీద దువ్వెన లాంటి పనిముట్టుతో గాట్లు పెట్టేవారు. గట్లు గట్లుగా లేచిన ఆ పూత వల్ల అయస్కాంతానికీ ఉక్కుకీ మధ్య ఎడం పడి పట్టు దొరకదు. తీరా చూస్తే అవతలి సైన్యాలు అలాంటి మందుపాతరలు పెద్దగా వాడనే లేదట. కొన్నాళ్ళకి ఈ పూత నిప్పంటుకుంటుందన్న పుకారు పుట్టి జర్మన్లే మానేశారు. ఆ పుకారూ నిజం కాదట. ఇదంతా చదివిన రోజు నాకు ఆ పూత మీద ఒక రకమైన జాలి కలిగింది. ఫిరంగి మీద, గొలుసుల మీద ఉన్న ధ్యాస అంతా ఆ గీతల మీదికి మళ్ళింది.

సరుకు మా కొట్లోనే ఉంది. నీళ్ళ ట్యాంకు కారుతుంటే పూస్తారే, రెండు రంగుల ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ, అది. నీళ్ళ ట్యాంకుకి పనికొచ్చేది యుద్ధం ట్యాంకుకి పనికిరాదా అనుకున్నాను. టాల్కం పౌడరు చల్లి, సీసాతో పల్చగా ఒత్తి, ట్యాంకు పక్కలకి అంటించి, స్టీలు స్కేలు ఆనించి స్క్రూడ్రైవరు కొసతో గీతలు నొక్కాను. బాగా రాలేదు. గోకేసి మళ్ళీ చేశాను. అలా నాలుగుసార్లు. మధ్యలో ఒకసారి వంటింట్లోంచి రిబ్బన్ పకోడీ బిళ్ళ తెచ్చి దాని పళ్ళతో కూడా ప్రయత్నించాను. ఆ బిళ్ళ మళ్ళీ వంటింటి మొహం చూడలేదు. దాని కోసం మా ఆవిడ అటకంతా వెతుకుతుంటే నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

ఆ రోజుల్లో పొద్దున్నే మా కొట్టుకి వచ్చేవాళ్ళలో ఒక తాపీ మేస్త్రి ఉండేవారు. ఇప్పుడాయన లేరు. పెనుగొలను ఆయన ఊరు. మా నాన్నగారి కాలం నుంచీ సామానుకి మా దగ్గరికే వచ్చేవారు. మా ఇంటి గోడలూ, మా వీధిలో సగం గోడలూ ఆయన చేతి మీదుగా లేచినవే. నేను చెబుతున్న నాటికి ఆయనకి డెబ్బైకి దగ్గర. రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అయినా అలవాటు మానలేక పొద్దున షేర్ ఆటో ఎక్కి వచ్చి, మా కొట్టు ముందు ఖాళీ రంగు డబ్బా బోర్లించుకుని కూర్చుని, టీ తాగి, వచ్చేపోయే మేస్త్రీలతో మాట్లాడి, పన్నెండింటికి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు పన్నెండింటికి పెద్ద గాలివాన పట్టుకుంది. కరెంటు తీగలు తెగి పడ్డాయి, ఆటోలు ఆగిపోయాయి. ఆయన్ని వెనక గదిలోకి రమ్మని, కుర్చీ వేశాను. బల్ల మీదున్నదాన్ని ఆయన చూడలేదు, చేత్తో తడిమారు.

"ఏంటండి బాబుగారూ ఇది?"

"ట్యాంకండి మేస్త్రిగారూ. యుద్ధంలో వాడతారే, అది. బొమ్మ."

బొటనవేలితో దాని పక్కని మెల్లగా రాశారు. "ఇది రేకు షట్టరా?"

"కాదండి. పూత."

"పూత ఇట్టా ఉండదండి" అన్నారు. తప్పు పడుతున్నట్టు కాదు, మామూలుగానే అన్నారు.

వాన తగ్గేలా లేదు. జర్మనీ సంగతి, అయస్కాంతాల సంగతి మొదటి నుంచీ చెప్పాను. యుద్ధం గురించి ఆయన ఏమీ అడగలేదు. "ఎన్ని పూతలు పూసేవోళ్ళు?" అన్నారు.

రెండని చదివాను. మొదటిది మందంగా పూసి, తాపీ అంచుతో గళ్ళు గీసి, ఒక రోజు వదిలేసేవారు. దాని మీద పల్చగా రెండోది వేసి, అప్పుడు దువ్వెన పెట్టేవారు. అది చెప్పగానే ఆయన మొహం వెలిగింది.

"గళ్ళు గీసేది రెండోది పట్టుకోటానికండి. మేం చేసేది అదేగా. వాళ్ళకీ తెలుసన్నమాట."

"రెండోది తొందరగా ఆరడానికి మంట చూపించేవాళ్ళట."

"అది మంచి పని కాదు" అని తల అడ్డంగా ఊపారు. మళ్ళీ బొమ్మ పక్కని తడిమి, "మీరు గీస్తున్నారండి. అదీ తేడా. దీన్ని గీయకూడదు. నొక్కి, ఎత్తి, పక్కకి జరిగి మళ్ళీ నొక్కాలి. చెయ్యి ఎంత దూరం పోద్దో అంతే పట్టీ. మీరు స్కేలు పెట్టేసరికి అందులో చెయ్యి లేకుండా పోయింది" అన్నారు.

"చేసి చూపిస్తారా?"

"ఇంత చిన్నదైతే నా కంటికి ఆనదు. గోడేదన్నా ఉందా?"

గోడ ఉంది. కొట్టు వెనక గోడౌనుకి ఒక పక్క ఇటుకలు అలాగే వదిలేశాం. ఆదివారం పొద్దున ఆయన తన సంచీ తెచ్చుకున్నారు. అసలు ట్యాంకు పక్క ఎంత ఎత్తుంటుందో లెక్క వేసి చెబితే సుద్దముక్కతో గోడ మీద గీశారు. ఆ రోజు నేను ఆయన కింద కూలీని. ఇసుక జల్లించాను, సిమెంటు మాలు కలిపాను, నీళ్ళు మోశాను. ముప్పై ఏళ్ళుగా సిమెంటు అమ్ముతున్నాను గానీ దాన్ని చేత్తో కలపడం అదే మొదలు. "నీళ్ళెక్కువయినాయి" అని ఒకసారి, "ఇప్పుడు తక్కువయినాయి" అని ఒకసారి అన్నారు. మొదటి పూత పూసి, తాపీ వాలుగా పట్టుకుని గళ్ళు గీసి, కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయారు.

మర్నాడు నేను ఒక పాత పుట్టీ బ్లేడుకి ఆకురాయితో పళ్ళు కోసి ఉంచాను. ఆయన రెండో పూత వేశారు. వేసి, పక్కన బస్తా మీద కూర్చున్నారు.

"మొదలుపెట్టరా?" అన్నాను.

"నీళ్ళు లాగాలండి. ముందు పెడితే జారుద్ది. ఆలస్యం చేస్తే పొడుం రాలుద్ది. వేలు పెడితే అంటకూడదు, గుర్తు మాత్రం పడాలి. అప్పుడు లేవాలి."

నాలుగైదుసార్లు లేచి వేలు పెట్టి చూసి మళ్ళీ కూర్చున్నారు. చివరికి లేచి పై నుంచి మొదలుపెట్టారు. బ్లేడుని నొక్కడం, ఎత్తడం, బెత్తెడు కిందికి జరగడం. ఒక నిలువు పట్టీ అయ్యాక దాని పక్కనే ఇంకొకటి. ఆయన భుజం ఊగుతోంది, పెదవులు ఏదో లెక్క పెడుతున్నట్టు కదులుతున్నాయి. కళ్ళు సగం మూసుకునే ఉన్నారు. గోడ కింది భాగానికి వచ్చేసరికి మోకాళ్ళు వంగలేదు. ఒక చెయ్యి నేల మీద ఆనించి, రెండో చేత్తోనే పూర్తి చేశారు.

లేచి, వెనక్కి జరిగి, "కింద కొంచెం వంకరపోయిందండి. మోకాళ్ళు" అన్నారు, క్షమించమన్నట్టు.

నేను ఫోను తీసి, రోజూ చూసుకునే పాత ఫోటో తెరిచాను. ఫ్యాక్టరీ ముందు నిలబెట్టిన అసలు ట్యాంకు అది. దాని పూత కూడా పైన నిటారుగా ఉండి కిందికి వచ్చేసరికి పక్కకి వాలింది. ఇన్నాళ్ళూ అది ఫోటో తీసిన కోణం అనుకున్నాను. అక్కడ కూడా ఎవరో వంగలేక వంగి చేశారు. ఆ మాట ఆయనకి చెబితే నవ్వి, "గోడ ఎక్కడిదైనా గోడేగా" అన్నారు. ఆ గోడకి నేను ఇప్పటిదాకా రంగు వెయ్యనివ్వలేదు. సామాను దించే కూలీలు దానికి వీపు రుద్దుకుంటారు.

తరవాత పని సులువైందని కాదు, ఎటు పోవాలో తెలిసింది. ఊళ్ళో ఒక కంసాలి దగ్గర విరిగిపోయిన సన్న రంపపు బ్లేడు అడిగి తెచ్చి, మూడు మిల్లీమీటర్ల ముక్క తుంచి వెదురు పుల్ల కొసకి అతికించాను. ఎపాక్సీ పూసి, వేలు అంటకుండా గుర్తు మాత్రం పడే దాకా ఆగేవాణ్ణి. స్కేలు లేదు. భూతద్దం కింద నొక్కడం, ఎత్తడం, జరగడం. పొద్దున మేస్త్రిగారు రాగానే ముందురోజు చేసింది ఆయన చేతికిచ్చేవాణ్ణి. బొటనవేలితో రాసి, "ఇక్కడ తొందరపడ్డారు" అనో, "ఈ నాలుగు పట్టీలు బాగున్నయ్యి" అనో చెప్పేవారు. వచ్చిన మేస్త్రీలు మా ఇద్దర్నీ చూసి నవ్వుకునేవారు. ఆ నెలల్లో నాకు క్లబ్బు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆ పాత ఫోటో ఆయనకి ఫోనులో ఆనదని జిరాక్సు షాపులో పెద్ద కాగితం మీద తీయించాను. ఒక పొద్దున దాన్ని ఎండలోకి పట్టుకెళ్ళి, ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఒకడు చేసింది కాదండి. ఇద్దరు. ఈ పక్కనోడిది ఎడం చేతివాటం. ఇదిగో, ఇక్కడ ఇద్దరూ కలిశారు. పట్టీ సరిగా అతకలా."

నేను కూడా తొంగిచూశాను. ఆయన వేలు పెట్టిన చోట గట్లు నిజంగానే రెండు వైపులకి వాలి ఉన్నాయి.

"ఏ ఊరోళ్ళండి?" అన్నారు.

ఆ ట్యాంకు ఎన్ని టన్నులు, ఫిరంగి గొట్టం ఎంత పొడవు, ఏ రకం ఇంజను అని అడిగితే చెప్పగలను. ఆ పూత పూసిన మనుషులు ఎవరన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఆ మధ్యాహ్నం కూర్చుని చదివాను. అప్పటి జర్మనీ ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్ళలో చాలామందిని గెలుచుకున్న దేశాల నుంచి బలవంతంగా తెచ్చారు. యుద్ధఖైదీలూ ఉన్నారు, శిబిరాల్లో బంధించినవాళ్ళూ ఉన్నారు. ఈ ఫోటోలోని ఇద్దరు వాళ్ళలోవాళ్ళో, జీతానికి చేసిన ఆ ఊరివాళ్ళో చెప్పే ఆధారం ఏదీ లేదు.

మర్నాడు ఆయనకి అదే చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టేశారు.

"కట్టేసి తెచ్చారా?"

"అలాంటిదేనండి. వీళ్ళనే అని చెప్పలేం. అయి ఉండొచ్చు."

"అయినా ఇంత శుభ్రంగా చేశాడు" అన్నారు. గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "పని వచ్చినోడికి చెడగొట్టటం కూడా కష్టమేనండి" అన్నారు. ఆ రోజు పన్నెండుకి ముందే ఆటో ఎక్కారు.

నాకు ఆ ట్యాంకుని చూడబుద్ధి కాలేదు. వారం రోజులు బల్ల మీద గుడ్డ కప్పి ఉంచాను. పెట్టెలో వచ్చిన సైన్యం గుర్తుల స్టిక్కర్లు తీసి అతికించబోయి ఆగిపోయాను. ఇన్నాళ్ళూ నేను అందంగా ఉందనుకుని చేస్తున్నది ఎవరి కోసం పనిచేసిందో నాకు తెలియకపోలేదు. తెలిసినా పక్కన పెట్టాను, అంతే. అలాగని పారెయ్యడానికీ మనసొప్పలేదు. ఆ పట్టీల్లో మేస్త్రిగారి చెయ్యి ఉంది, ముక్కూ మొహం తెలియని ఆ ఇద్దరి చేతులూ ఉన్నాయి.

చివరికి ఒక పని చేశాను. స్టిక్కర్లు చెత్తబుట్టలో వేశాను. సైనికుల బొమ్మలు పెట్టెలోనే వదిలేశాను. కుడి పక్క పూత గోకేసి, మొదటి పూత మాత్రం మళ్ళీ వేసి, గళ్ళు గీశాను. దాని మీద సగం దూరం రెండో పూత వేసి, మూడు పట్టీలు దువ్వెన పెట్టి అక్కడితో ఆపేశాను. ట్యాంకుకి యుద్ధపు రంగు వెయ్యకుండా అసలు పూతకి ఉండే మట్టి పసుపు రంగే వేశాను. పక్కన అగ్గిపుల్లలతో ఒక చెక్క స్టూలు, రేకుతో ఒక బకెట్టు, గోరంత తాపీ ఒకటి చేసి పెట్టాను. ఫ్యాక్టరీ నేల మీద, పని మధ్యలో ఉన్న ట్యాంకు. దసరాకి పూర్తయింది.

అప్పటికి మేస్త్రిగారు రావడం మానేశారు. కళ్ళ ఆపరేషన్ అని కబురొచ్చింది. తరవాత విస్సన్నపేటలో ఉన్న కూతురు తన దగ్గరికి తీసుకెళ్ళిందని తెలిసింది. పూర్తయింది చూపిద్దామంటే ఆయన దగ్గర్లో లేరు. ఆ చలికాలం హైదరాబాదులో ఇలాంటి బొమ్మల ప్రదర్శన ఉందంటే అక్కడికి తీసుకెళ్ళాను. చాలామంది ఆగి చూశారు. అనుభవం ఉన్న ఒకాయన భూతద్దం పెట్టి చూసి, "ఆలోచన బాగుందండి. వరసలు మాత్రం సమంగా లేవు, కింద పక్కకి పోయాయి. స్కేలు వాడండి" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. "అలాగేనండి" అన్నాను. వచ్చేటప్పుడు బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కోదాడ దాకా బాధపడ్డాను. అక్కడ దిగి టీ తాగాక బాధ పోయింది.

వేసవిలో ఒక ఆదివారం విస్సన్నపేట వెళ్ళాను. మామిడికాయల లారీలతో రోడ్డంతా నిండి ఉంది. మేస్త్రిగారి కూతురి ఇల్లు మార్కెట్టు వెనక సందులో. ఆవిడ నన్ను గుర్తుపట్టి, "నాన్నా, తిరువూరు బాబుగారొచ్చారు" అని పిలిచింది. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు గానీ కళ్ళు తేటగా ఉన్నాయి. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "తల బాగా నెరిసిందండి మీకు. ఇన్నాళ్ళూ నాకు తెలవదు" అన్నారు.

పెట్టె విప్పి ట్యాంకు ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. ముందు నవ్వారు. "ఇంతేనా ఇది? చేతికి ఇంకా పెద్దగా అనిపించేది." తరవాత నవ్వు ఆపి, ముందుకు వంగి, ఎడమ పక్క చూశారు. ట్యాంకుని తిప్పి కుడి పక్క చూశారు. గళ్ళు చూశారు, మూడు పట్టీలు చూశారు, బకెట్టు చూశారు. ఆయన కూతురు మామిడిముక్కల పళ్ళెం తెచ్చి పక్కన పెట్టినా గమనించలేదు.

"మనిషేడండి?" అన్నారు.

"పెట్టలేదండి. వాళ్ళెవరో మనకి తెలియదుగా. ఏ మొహం పెట్టను?"

ఆయన తల ఊపి ఇంకాసేపు చూశారు.

"టీకి పంపారనుకుందాం" అన్నారు. తన వేలిని ఆ సగం పూత దగ్గరికి తీసుకెళ్ళి, ముట్టుకోకుండా ఆపారు. "తొందరగా రమ్మనండి. ఇది ఆరిపోద్ది."

నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. పళ్ళెం నా వైపు జరిపి, మళ్ళీ ఆ బకెట్టు వైపే చూస్తూ కూర్చున్నారు.